డ్రమ్ములో సగం ఇసుక

రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్లే రోడ్డు మీద మాకు షామియానా సప్లయర్స్ కొట్టు ఉండేది. పెళ్లికైనా, పేరంటానికైనా, దినానికైనా కుర్చీలు, బల్లలు, కార్పెట్లు, వంటగిన్నెలు, సీరియల్ లైట్లు అద్దెకిచ్చేవాళ్లం. మామగారు పెట్టిన వ్యాపారం. ఆయన పోయాక మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. మా ఆయన లారీ ఎక్కారు. పందిళ్లు వేయడం, సామాను ఎక్కించడం, దించడం ఆయన వంతు. బయటికెళ్లిన గిన్నెలు తిరిగొచ్చాక లెక్కచూసి, తోమించి, సొట్టలు పడ్డవి విడిగా పెట్టించడం నా వంతు. బావగారి భార్యని నేను అక్కా అని పిలుస్తాను. వాళ్లు మేడ మీద, మేం కింద. ఇంటి వెనకాల గోడౌను.

ఆషాఢం వస్తే మాకు పని ఉండదు. ముహూర్తాలు లేక సామానంతా ఇల్లు చేరుతుంది. గోడౌనులో కుర్చీలు కప్పుని తాకుతుంటాయి. మూడేళ్ల కిందట అలాంటి ఆషాఢంలోనే ఫోనులో ఒక ప్రకటన చూశాను. స్విచ్చులు తయారుచేసే కంపెనీ ఒకటి వీడియో పోటీ పెట్టింది. ఒక వస్తువు కదిలి రెండోదాన్ని తాకాలి, అది మూడోదాన్ని. అలా కనీసం పాతిక అంచెలు దాటి చివరికి ఒక స్విచ్చు దానంతటదే పడి దీపం వెలగాలి. మొదట ఒక్కసారి చెయ్యి తగలొచ్చు, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు. వీడియో మధ్యలో కత్తిరించకూడదు. ఇంట్లోనో కొట్లోనో ఉన్న వస్తువులే వాడాలి.

మా కొట్లో ఉన్నన్ని వస్తువులు ఇంకెవరి దగ్గరుంటాయనుకున్నాను.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాలు కాగానే గోడౌనులోకి వెళ్లిపోయేదాన్ని. మడతకుర్చీలు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి పడేసి చూడటంతోనే వారం గడిచింది. మధ్యలో జానెడు దూరం ఉంటే కుర్చీ పక్కదాని మీద వాలి ఊరుకుంటుంది. మూరెడు ఉంటే అందదు. జానా మీద నాలుగు వేళ్లు పెడితే నూట ఇరవై కుర్చీలూ వరి పనలు పడ్డట్టు వరసగా పడ్డాయి. ఆ రోజు నేను ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

మిగతాది ఒక్కొక్కటే కలుపుకుంటూ వచ్చాను. చీల్చిన వెదురుబొంగులో నిమ్మకాయ దొర్లి, వేలాడదీసిన పప్పుగరిటెని తాకాలి. గరిటె ఊగి గ్లాసుల వరసని పడగొట్టాలి. చివరి గ్లాసు వడ్డించే బకెట్లో పడి, ఆ బరువుకి బకెట్ దిగి, తాడు లాగితే, ఏటవాలు బల్ల మీద చుట్టిపెట్టిన కార్పెట్ విప్పుకుంటూ వచ్చి మొదటి కుర్చీని కొట్టాలి. కుర్చీలన్నీ పడ్డాక ఆఖరిది ఒక డ్రమ్ముని నెట్టాలి. డ్రమ్ము దొర్లుతూ ఇంకో తాడు లాగితే కర్ర ఒకటి స్విచ్చు మీద పడి పెళ్లిపందిరి తోరణం లైట్లు వెలగాలి.

నన్ను ఏడిపించింది ఆ డ్రమ్మే. పెళ్లిళ్లలో మజ్జిగకి వాడే చిన్న స్టీలు డ్రమ్ము, బిగింపు మూతది. ఖాళీగా పెడితే కుర్చీ తగలగానే పక్కకి ఎగిరిపోయేది, తాడు లాగే బలం ఉండేది కాదు. ఎదురింటివాళ్లు ఇల్లు కట్టుకోడానికి తోలించుకున్న గోదారి ఇసుక అడిగి తెచ్చి సగానికి పోశాను. ఒక్క అడుగు దొర్లి ఆగిపోయింది. లోపల వదులుగా ఉన్న ఇసుక ఎప్పటికప్పుడు కిందికి జారి డ్రమ్ముని పట్టేస్తోందని అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. అప్పుడు అక్కని పిలిచాను. ఆవిడ ఇసుక బస్తా మూతి పట్టుకుంటే నేను డ్రమ్ము నిండా పోసి, రోకలితో కూరి, మూత బిగించాను. ఈసారి రథంలా కదిలింది.

"ఎవరు నేర్పారే నీకివన్నీ?" అన్నారు అక్క కొంగుతో చేతులు దులుపుకుంటూ.

వీడియో తీయడానికి మంచి కెమెరా ఉన్న ఫోను బావగారిదే. అడిగితే గోడౌనులోకి వచ్చి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశారు.

"ఇదంతా నువ్వే పెట్టావా అమ్మాయ్? బానే ఉందే. ఫోను మా ఆవిడ పట్టుకుంటాది గానీ, నిమ్మకాయ నేను వదుల్తాను. పెద్దోణ్ణి కదా, శుభం."

నేను ఒప్పుకున్నాను. నిజానికి సంతోషించాను. ముప్ఫై రెండోసారికి మొత్తం నడిచి తోరణం వెలిగింది. వీడియో ఆయన ఫోనులో ఉంది కాబట్టి ఆయనే పంపారు. ఎవరి పేరు రాశారని అడగాలన్న ఊహ కూడా నాకు రాలేదు.

రెండో బహుమతి వచ్చింది. కాకినాడలో ఒక హాల్లో సన్మానమన్నారు. అందరం కారులో వెళ్లాం. నేను కొత్త చీర కట్టుకున్నాను. స్టేజీ మీద పిలిచిన పేరు బావగారిది. శాలువా కప్పారు, పెద్ద టీవీ ఇచ్చారు. యాంకరమ్మాయి మైకు పట్టుకుని, "ఈ ఆలోచన మీకెలా వచ్చిందండీ?" అనడిగింది.

"చిన్నప్పట్నుంచీ నాది మెకానిక్ బుర్రండి. నెలరోజులు ఒంటిచేత్తో కష్టపడ్డాను."

"ఇంట్లో ఆడవాళ్లు సాయం చేశారా సార్?"

"మా ఆడాళ్లా? గిన్నెలు లెక్కెట్టుకోడం తప్ప ఆళ్లకేం తెలుసండి, పాపం!"

హాలంతా నవ్వింది. కెమెరా మా వరసకేసి తిరిగింది. తిరిగిందని నేనూ నవ్వాను. ఆయన అన్న మాటకన్నా ఆ నవ్వు నన్ను ఎక్కువ కాల్చింది. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. మూడో వరసలో ఆకుపచ్చ చీరలో పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నది నేనే.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. టీవీ మేడ మీదికెళ్లింది. కొట్టు ముందు బావగారి నిలువెత్తు ఫ్లెక్సీ వెలిసింది. మా ఆయనతో అన్నాను, "మీరైనా ఒక్క మాట అనాల్సింది."

"పోన్లేవే. అన్నయ్యే కదా, పరాయోడా?"

పరాయివాడైతే అక్కడే లేచి అరిచేదాన్ని. మనవాడు కాబట్టే దాచుకోవాల్సి వచ్చింది. దాచుకున్నాను. ఆ ఏడాదంతా బావగారితో మరింత మర్యాదగా ఉన్నాను. ఆయన పిలిస్తే "ఆయ్" అని పలికేదాన్ని. కాఫీలో పంచదార ఆయనకెంత కావాలో అంతే వేసేదాన్ని. పొద్దున్నే గిన్నెలు తోమిస్తూ ఆయన్ని ఎవరి ముందు, ఎలా, ఏ మాటతో పడెయ్యాలా అని ఆలోచించేదాన్ని. కొట్లో అందరి ముందూ కడిగేసినట్టు, ఆయన తల దించుకున్నట్టు ఊహించుకుంటుంటే చేతిలో పని తొందరగా తెమిలేది. అంత ఉత్సాహంగా ఏ ఏడాదీ పనిచేయలేదంటే నమ్మండి.

మళ్లీ ఆషాఢం వచ్చింది. కంపెనీవాళ్లు ఫోను చేసి, కిందటేడాది గెలిచినవాళ్లు తమ ఊళ్లోనే జనం ముందు ఆ యంత్రాన్ని మళ్లీ నడిపి చూపించాలని అడిగారు. బావగారు ఎవరితోనూ అనకుండా సరేననేశారు. రాజమండ్రిలో ఒక కల్యాణమండపం మాట్లాడారు. లోకల్ చానల్‌వాళ్లు వస్తారన్నారు. బంధువులందరికీ కబురెళ్లింది.

నన్ను పిలుస్తారని నాలుగు రోజులు చూశాను. పిలవలేదు. పాత వీడియో పెద్ద టీవీలో పెట్టుకుని, ఆపుకుంటూ చూసుకుంటూ, పనివాళ్లతో మండపంలో అన్నీ పేర్పించుకున్నారు. కుర్చీల మధ్య దూరం మా ఆయనకి తెలుసు, చెప్పేశారు. గరిటె, బకెట్, కార్పెట్ వీడియోలో కనిపిస్తూనే ఉన్నాయి. డ్రమ్ము లోపల ఏముందో మాత్రం ఏ వీడియోలోనూ కనిపించదు.

ప్రదర్శన రోజు పొద్దున్న మా ఆయన సామర్లకోటలో ఉండిపోయిన మా సామాను తేవడానికి లారీ మీద వెళ్లారు. నేను వంటింట్లో చారుకి తాలింపు వేస్తున్నాను. బావగారు గుమ్మంలో నిలబడ్డారు. మామూలుగా మా వంటింటి దాకా రారు.

"అమ్మాయ్, ఆ డ్రమ్ము మొరాయిస్తోంది. ఎగిరి పక్కకి పోతంది. అప్పుడు లోపలేం పెట్టావు నువ్వు?"

'పెట్టావు నువ్వు.' సంవత్సరం తర్వాత మొదటిసారి ఆయన నోటంట ఆ మాట వచ్చింది. అదీ మా వంటింటి గుమ్మంలో, ఎవరూ వినని చోట. అదే మాట మండపంలో నలుగురి ముందు అడిగుంటే నిజం చెప్పేసేదాన్నే.

"ఇసుకండి బావగారూ."

"ఎంత?"

"సగం."

"సగమా? నిండా కాదూ?"

"నిండా పోస్తే బరువుకి కదల్దండి. సగానికి పోసి మూత గట్టిగా బిగించెయ్యండి. చేత్తో ఓసారి తోసి చూసుకోండి, ఎలా వెళ్తుందో మీకే తెలుస్తుంది."

"అదీ సంగతి!" అంటూ హడావిడిగా వెళ్లిపోయారు. చేత్తో తోస్తే ఏదైనా వెళ్తుంది.

ఆవాలు మాడిపోయాయి. పొయ్యి కట్టేసి వెనక్కి తిరిగితే, మేడమెట్ల మీద కరివేపాకు రెమ్మ పట్టుకుని అక్క నిలబడి ఉన్నారు. ఆవిడ నాకేసి చూశారు.

"ఏ చీర కట్టుకుంటున్నావే?" అన్నారు.

"ఆకుపచ్చదండి."

మండపం నిండిపోయింది. ముందు వరసలో కంపెనీ పెద్దలు, మా బంధువులు. స్టేజీ అంచుకి దగ్గరగా అక్క, ఆవిడ పక్కన నేను. బావగారు పట్టులాల్చీ వేసుకుని మైకులో నమస్కారాలు చెప్పి నిమ్మకాయ వదిలారు.

గరిటె ఊగింది. గ్లాసులు పడ్డాయి. బకెట్ దిగింది, కార్పెట్ విప్పుకుంది. కుర్చీలు ఒకదాని వెనక ఒకటి పడుతుంటే ఆ టపటపలు మండపమంతా వినిపించాయి. దాచుకోవడమెందుకు, ఆ కాసేపూ నాకు గర్వంగానే ఉంది. ఆ చప్పుడు నాది. ఒక్క క్షణం డ్రమ్ము కూడా వెళ్లిపోతే బావుండునని కూడా అనిపించింది. ఆఖరి కుర్చీ వెళ్లి డ్రమ్ముకి కొట్టుకుంది. డ్రమ్ము కదిలింది. అడుగు దొర్లింది. ఆగిపోయింది.

నాకు మండుటెండలో పడొచ్చి చల్లటి నీళ్లు తాగినట్టుంది.

"ఏమైందండీ?" అంది యాంకరమ్మాయి.

"ఏం లేదమ్మా, చిన్న..." అంటూ నవ్వుతూ బావగారు వెళ్లి, ఎవరూ చూడరనుకున్నారో ఏమో, డ్రమ్ముని బూటుతో పొడిచారు. చూడకుండా ఎలా ఉంటారు, మూడు కెమెరాలున్నాయి. వెనక వరసల్లో ఎవరో "ముట్టుకోకూడదండోయ్!" అని అరిచారు. నవ్వులు మొదలయ్యాయి. ఆయన మొహం ఎర్రబడింది. ఈసారి బలంగా తన్నారు. తాడు ఊడిపోయింది. డ్రమ్ము అడ్డంగా దొర్లి, స్టేజీ అంచు దాటి, అక్క ఎడంకాలి మీద పడింది.

ఆవిడ అరుపుకి నవ్వులు ఆగిపోయాయి.

ఆసుపత్రిలో రెండు వేళ్లు విరిగాయని చెప్పి కట్టు కట్టారు. బావగారు బయట ఎవరికో ఫోనులో సంజాయిషీ చెప్పుకుంటున్నారు. నేను మంచం పక్కన కూర్చున్నాను. పొద్దుట్నుంచీ ఉన్న సంతోషం ఎటు పోయిందో తెలీదు. ఏడుపొచ్చింది.

"అక్కా, ఇదంతా నావల్లే. పొద్దున్న బావగారికి నేను..."

"సగం అని చెప్పావు. విన్నాను."

"తప్పని మీకు తెలుసా?"

"బస్తా మూతి పట్టుకుంది నేను కాదుటే? నిండా పోసి రోకలితో కూరాం కదా. నడుం నొప్పి రెండ్రోజులు తగ్గలేదు."

"మరి ఆయనకి చెప్పలేదేం?"

"అరటిదొప్పలతో వేస్తామే మండపం, మన కొట్టుకి పేరు తెచ్చింది, అది ఎవరు వేశారనుకుంటున్నావు?"

"హైదరాబాద్ నుంచి డిజైనర్ వచ్చి వేశాడని బావగారు చెప్తారు కదండీ."

"నేనేనే ఆ డిజైనర్ని. పెళ్లయిన రెండో ఏడు, మేడ మీద కూర్చుని, కాగితం మీద గీసి చూపించాను. పద్దెనిమిదేళ్లయింది. కొత్త పార్టీ వచ్చినప్పుడల్లా ఆ హైదరాబాద్ వాడి కథ నా ముందే చెప్తారు. నేను కాఫీలిస్తాను." ఆవిడ కాలు కదపబోయి మూలిగారు. "నా కాలి మీద పడుద్దని మాత్రం అనుకోలేదే బాబూ!"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నేనూ నవ్వాను. నర్సు వచ్చి కోప్పడింది.

డ్రమ్ముని తన్నిన ముక్క ఊళ్లో ఫోనులన్నీ తిరిగింది. ఫ్లెక్సీ తీయించేశారు. నాకు చాలా రోజులు ఆకలి బాగా వేసింది. కానీ రానురాను ఒక సంగతి గుచ్చుకోవడం మొదలైంది. బావగారు నన్ను అనుమానించలేదు. ఎవరడిగినా "ఇసుక తడిదండి, చెమ్మకి పట్టేసింది" అనేవారు. నేను కావాలని చేసి ఉంటానన్న ఊహ కూడా ఆయనకి రాలేదు. నాకంత బుర్ర ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు మరి. దెబ్బ తిన్నవాడికి కొట్టిందెవరో తెలియకపోతే అది కొట్టినట్టే కాదు.

అందుకని కిందటేడు ఆషాఢంలో అక్కా నేనూ కలిసి మళ్లీ యంత్రం పెట్టాం. మా ఆయన కుర్చీలు మోసిపెట్టారు, ఏమీ అడగలేదు. ఫోను కూడా మాదే, అప్పటికి కొనుక్కున్నాను. అక్క కుర్చీలో కూర్చుని కెమెరా పట్టారు. ఆవిడకి ఇప్పటికీ ఎక్కువసేపు నిలబడితే కాలు లాగుతుంది. పోటీకి పంపాల్సినదాంతో పాటు, ఎలా చేశామో చెప్పే వీడియో ఇంకోటి తీశాం. అందులో నా మొహం, నా గొంతు. డ్రమ్ము మూత తీసి చూపించి చెప్పాను. "ఇసుక నిండా పోసి కూరాలండి. సగం పోస్తే అడుగు దొర్లి ఆగిపోతుంది. ఎలా ఆగిపోతుందో చూడండి." సగం పోసి చూపించాను. ఆగింది. నిండా పోసి చూపించాను. వెళ్లింది. "ఇది రెండేళ్ల కిందటే, మొదటి యంత్రం పెట్టినప్పుడే మాకు తెలుసండి" అని ముగించాను. బంధువుల గ్రూపులో నేనే పెట్టాను.

మధ్యాహ్నం మేడ మీద టీవీలోంచి నా గొంతు వినిపించింది. ఆగింది. మళ్లీ మొదట్నుంచి వినిపించింది. మూడోసారి కూడా. తర్వాత మెట్లు దిగుతున్న చప్పుడు. నేను భోజనం వడ్డిస్తున్నాను, మా ఆయన పీట మీద కూర్చుని ఉన్నారు.

"అమ్మాయ్, ఆ రోజు నువ్వు సగం అన్నావు కదూ?"

"అవునండి బావగారూ."

"నీకు తెలిసే?"

"తెలిసేనండి."

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బావగారు ఏదో అనబోయారు. ఏమంటారు? ఎందుకని అడిగితే కాకినాడ సంగతి ఎత్తాల్సి వస్తుంది. అది ఆయనకీ తెలుసు. నిలబడి, నిలబడి, "ఊఁ" అన్నారు.

"కూర్చోండి, భోంచేద్దురుగాని. గుత్తొంకాయ చేశాను."

ఆయన వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్లిపోయారు. మా ఆయన నాతో మూడ్రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ, "చెప్పుంటే నేను ఆపేవాణ్ణే" అన్నారు. "అందుకే చెప్పలేదండి" అన్నాను.

పోటీలో మాకు పెద్ద బహుమతేం రాలేదు. ప్రోత్సాహకమంటూ ఒక స్విచ్‌బోర్డు పంపారు. కొన్నాళ్లకి వ్యాపారం విడగొట్టుకున్నాం. కుర్చీలూ లైట్లూ బావగారివి, గిన్నెలూ కార్పెట్లూ మావి. అక్క మేడ మీదే ఉంటున్నారు. అరటిదొప్పల మండపానికి మాత్రం సొంతంగా కార్డు వేయించుకున్నారు, తన పేరుతో. ఆ ఆర్డర్లకి సామాను మా దగ్గరే తీసుకుంటారు.

బావగారు నన్ను అమ్మాయ్ అనడం మానేశారు. ఏదైనా అవసరమై మాట్లాడాల్సొస్తే "మీరు" అంటారు. మొన్న ఎవరో బంధువుల పెళ్లిలో ఎదురుపడి, "మీరు భోంచేశారా అండీ?" అన్నారు. నలుగురూ విన్నారు. తమ్ముడి భార్యని అండీ అంటున్నాడేంటని ఒకావిడ నాకేసి వింతగా చూసింది. లేదండి, ఇప్పుడే కూర్చోబోతున్నానని చెప్పి, ఆయనకి ఎదురుగా ఉన్న బల్ల దగ్గరే కూర్చున్నాను.